బిల్లు ఎన్ని చేతులు మారుతుంది? చిన్న వ్యాపారానికి ఇన్‌వాయిస్ పద్ధతి ఎంచుకునే ముందు

చిన్న వ్యాపారం నడిపేవాళ్ళు బిల్లింగ్ గురించి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటారు?" నన్నడిగితే అది ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. బిల్లు ఎక్సెల్‌లో చేశారా, యాప్‌లో చేశారా అన్నదాన్ని బట్టి డబ్బు ఆలస్యం కాదు. ఎప్పటికి ఇవ్వాలో ముందే మాట్లాడుకోకపోతే ఆలస్యమవుతుంది. చూడాల్సిన మనిషికి కాక ఇంకెవరికో బిల్లు వెళితే ఆలస్యమవుతుంది. ఉండాల్సిన నంబరొకటి అందులో లేకపోతే ఆలస్యమవుతుంది. వీటిని సరిచేసుకోకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా, అవే తప్పుల బిల్లులు కాస్త అందంగా, కాస్త తొందరగా వెళ్తాయి, అంతే.

కాబట్టి ఏ ఎంపికకైనా ముందు ఒక సంగతి కనుక్కోండి. మీ బిల్లు అవతలి పక్క ఎన్ని చేతులు మారుతుంది?

కొందరు క్లయింట్ల దగ్గర ఒకటే చెయ్యి. పని చెప్పిందీ, చూసి బాగుందన్నదీ, డబ్బు వేసేదీ ఒక్క మనిషే. అక్కడ బిల్లు ఫోన్‌లో పీడీఎఫ్‌గా వెళ్ళినా పని జరిగిపోతుంది, సమయానికి గుర్తు చేయగలిగితే చాలు. ఇంకొందరి దగ్గర కనీసం మూడు చేతులు: పని చెప్పేవారు ఒకరు, ఆమోదం తెలిపేవారు ఇంకొకరు, అకౌంట్స్‌లో కూర్చుని డబ్బు పంపేవారు మరొకరు. ఆ మూడో మనిషి మిమ్మల్ని ఎన్నడూ చూడలేదు. మీ పని ఎంత బాగుందో అతనికి అక్కర్లేదు. అతని ముందున్నవి మూడు కాగితాలు: వాళ్ళ కంపెనీ ఇచ్చిన పర్చేజ్ ఆర్డర్ (ఫలానాది ఇంతకు కొంటామని రాసిచ్చే కాగితం), సరుకో పనో అందిందని లోపలివాళ్ళు రాసిచ్చింది, మీ బిల్లు. మూడింట్లో అంకెలు కలిస్తే డబ్బు కదులుతుంది. కలవకపోతే బిల్లు పక్కకి వెళుతుంది. పక్కన పెట్టానని మీకు చెప్పాలని అతనికి తోచకపోవచ్చు కూడా.

కింద చెప్పే ఎంపికలు చాలావరకు ఈ తేడా మీదే తేలతాయి.

ఎప్పుడు బిల్లు వేయాలి

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

పని మొత్తం అయ్యాక ఒకటే బిల్లు వేయడం అన్నిటికంటే తేలిక. కాగితం తక్కువ, మాటలు తక్కువ. కానీ మీ శ్రమ, మీరు పెట్టిన ఖర్చు అంతా ఆ చివరి రోజు దాకా మీ నెత్తినే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో తేలిపోయే పని, ఇదివరకు సకాలంలో ఇచ్చిన ఒక చేతి క్లయింట్ అయితే ఇది చాలు. నెలల తరబడి సాగే పనికి ఈ పద్ధతి పెట్టుకోవడమంటే క్లయింట్‌కు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే.

అడ్వాన్స్ తీసుకుని మిగతాది పని పూర్తయ్యాక తీసుకోవడం రెండో దారి. అడ్వాన్స్ అనగానే అందరూ చేతిలో కాస్త డబ్బు ఆడుతుందనే చూస్తారు. నాకు కనిపించే లాభం ఇంకొకటి. అవతలి పక్క దారి ఎలా ఉందో అడ్వాన్స్ బిల్లు ముందే చూపించేస్తుంది. పెద్ద కంపెనీల్లో మిమ్మల్ని వెండర్‌గా నమోదు చేసుకోనిదే ఒక్క పైసా కదలదు. దానికి బ్యాంకు వివరాలు, పన్ను నంబర్లు, సంతకాలు పెట్టిన ఫారాలు కావాలి. పని అంతా అయ్యాక మొదటి బిల్లు పంపితే ఈ తతంగం అప్పుడు మొదలవుతుంది. అడ్వాన్స్ బిల్లు పంపితే పని మొదలవకముందే అయిపోతుంది. అడ్వాన్స్ రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో చూస్తే, చివరి బిల్లుకు ఎన్నాళ్ళు పడుతుందో కూడా ఓ అంచనా వస్తుంది. అందుకే కొత్త క్లయింట్ ఎంత పెద్ద పేరున్నవారైనా, మొత్తం చిన్నదైనా సరే, అడ్వాన్స్ బిల్లు ఒకటి వేయమంటాను.

మూడోది దశలవారీ బిల్లింగ్. పెద్ద పనికి ఇదే సరైనది, చాలామంది దెబ్బతినేదీ ఇక్కడే. చిక్కంతా దశను ఎలా రాసుకున్నారన్న దాంట్లో ఉంటుంది. "డిజైన్ ఆమోదించాక 40 శాతం" అని రాసుకున్నారనుకోండి. క్లయింట్ డిజైన్ చూడకుండా నెల రోజులు ఊరుకుంటే, మీరు పని చేసి కూడా బిల్లు వేయలేరు. అదే "డిజైన్ అందించిన రోజున 40 శాతం, అందిన 7 రోజుల్లో మార్పులు చెప్పకపోతే ఆమోదించినట్టే" అని రాసుకుంటే గడియారం మీ చేతిలో ఉంటుంది. బిల్లు వేసే హక్కు మీరు చేయగలిగిన పని మీద ఆధారపడాలి, అవతలివారి తీరిక మీద కాదు.

దశల్లో పంపకం గురించీ ఒక మాట. 20, 30, 50 అని చివరికి బరువు పెంచుకుంటూ పోవడం చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పని చేతికి అందాక క్లయింట్ తొందర తగ్గుతుంది, మీ అవసరం పెరుగుతుంది. 40, 40, 20 అయితే చివరి బిల్లు ఆగినా మీ వ్యాపారం ఆగదు. సరుకు ముందే కొనిపెట్టాల్సిన పనుల్లో మొదటి భాగం కనీసం ఆ సరుకు ఖర్చునైనా మోయాలి.

నెల నెలా స్థిరమైన మొత్తం తీసుకునే రిటైనర్ పద్ధతి, నిర్వహణ, సలహా, ప్రచారం లాంటి ఎడతెగని పనులకు బాగుంటుంది. రెండు సంగతులు కాగితం మీద ఉండాలి. ఆ మొత్తానికి ఎంత పని అన్నది మొదటిది. వాడుకోని గంటలు వచ్చే నెలకు కలుస్తాయా, పోతాయా అన్నది రెండోది. ఇవి రాసుకోకపోతే ఆరో నెలలో కచ్చితంగా పేచీ వస్తుంది. రిటైనర్ బిల్లు నెల చివర్న కాక నెల మొదట్లో వేయడం మేలు. మీ సమయాన్ని ముందే పక్కన పెడుతున్నారు గనుక, అలా అడగడంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

గంటల లెక్కన వేసే బిల్లు, ఎంత పని పడుతుందో ఎవరికీ తెలియనప్పుడు మాత్రమే. ఒక చేతి క్లయింట్‌కు ఇది భయం పుట్టిస్తుంది, మొత్తం ఎక్కడ ఆగుతుందో తెలియదు గనుక. "ఇన్ని గంటలు దాటితే ముందు మీకు చెప్పి మీ మాట తీసుకున్నాకే కొనసాగిస్తాం" అన్న హద్దు పెడితే ఆ భయం పోతుంది. మూడు చేతుల క్లయింట్ అయితే గంటల పట్టీ జతచేయమంటారు. పని చేస్తున్నప్పుడే రోజువారీగా రాసుకోవాలి, నెలాఖరున జ్ఞాపకం మీద రాసిన పట్టీ నాలుగు ప్రశ్నలడిగితే నిలబడదు.

గడువు: రోజులు కాదు, తేదీ

"30 రోజుల్లో చెల్లింపు" అన్నది స్పష్టంగానే ఉన్నట్టుంటుంది. ఎప్పటి నుంచి 30? బిల్లు మీది తేదీ నుంచా, వాళ్ళకు అందిన రోజు నుంచా, ఆమోదం అయ్యాకా? చాలా పెద్ద కంపెనీలు వాడే ఇంకో లెక్క ఉంది: బిల్లు వేసిన నెల ముగిశాక 30 రోజులు. ఆ లెక్క ప్రకారం మార్చి 31 తేదీతో వేసిన బిల్లు గడువు ఏప్రిల్ 30. ఒక్క రోజు ఆగి ఏప్రిల్ 1న వేస్తే గడువు మే 30. ఒక్క రోజు బద్ధకానికి నెల రోజుల డబ్బు! ఇలాంటి క్లయింట్ ఉంటే నెలాఖరుకు రెండు రోజుల ముందే బిల్లులు తేల్చేయడం అలవాటు చేసుకోవాలి. లెక్క ఏదైనా సరే, బిల్లు మీద మాత్రం "30 రోజులు" అని కాక "ఏప్రిల్ 30 లోగా" అని తేదీ వేయండి. అకౌంట్స్ వాళ్ళు వారానికోసారో, నెలకు రెండుసార్లో కట్టలుగా డబ్బు పంపుతుంటారు. ఆ రోజులేవో అడిగి తెలుసుకుంటే ఇంకా మంచిది.

కొన్నిచోట్ల చట్టమే కొంత అండగా ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2011లో తెచ్చిన ఆదేశం ప్రకారం, వ్యాపారాల మధ్య గడువు రాసుకోకపోతే 30 రోజులకే ఆలస్యపు వడ్డీ హక్కు వస్తుంది. భారతదేశంలో 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొన్నవారు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదంటుంది. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. మీ చట్టం ఏమంటుందో తెలిసి ఉండటం వేరు, ప్రతి క్లయింట్ మీదా దాన్ని ఝళిపించడం వేరు.

తొందరగా ఇస్తే తగ్గింపా, ఆలస్యమైతే రుసుమా? ఇది చాలామందికి తెగని ప్రశ్న, లెక్క వేస్తే తెగుతుంది. 10 రోజుల్లో ఇస్తే 2 శాతం తగ్గింపు, లేదంటే 30 రోజుల్లో పూర్తి మొత్తం అన్నది ప్రపంచమంతటా వాడుకలో ఉన్న షరతు. లక్ష బిల్లు మీద ఇది 2,000. మీకు 98,000 ఇరవై రోజుల ముందు వస్తుంది. అంటే 98,000ను ఇరవై రోజులు వాడుకున్నందుకు మీరిచ్చిన వడ్డీ 2,000. ఇరవై రోజులకు 2.04 శాతం, ఏడాదికి లెక్కేస్తే 37 శాతం పైచిలుకు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అంతకంటే చవకగా దొరికేవారికి ఈ తగ్గింపు ఇవ్వడం దండగ. చేతిలో డబ్బు లేక జీతాలు ఆగే పరిస్థితిలో మాత్రం అర్థముంది. ఇంకో చిక్కు, కొందరు తగ్గింపు కోసుకుని మరీ పాతికో రోజున డబ్బు వేస్తారు. ఆ 2,000 కోసం తిరిగి గొడవపడటం ఎవరికీ ఇష్టముండదు.

ఆలస్య రుసుము ఇందుకు రివర్స్. నెలకు 1.5 శాతం అంటే లక్ష మీద 1,500. నిజంగా వసూలయ్యేది తక్కువే. కానీ పని మొదలుపెట్టేముందు ఒప్పందంలో రాసుకుని ఉంటే, "ఈసారికి రుసుము వదిలేస్తాను, శుక్రవారం లోగా వేసేయండి" అనే వీలు మీకుంటుంది. ఒప్పందంలో లేనిదాన్ని బిల్లు అడుగున చిన్నక్షరాల్లో అచ్చువేస్తే దానికి విలువ తక్కువ. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను రుసుమే పెట్టుకుంటాను.

బిల్లులో ఏం రాయాలి

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఒక డిజైన్ స్టూడియో వేసిన బిల్లులో ఈ వరుస ఉందనుకోండి:

సేవలు, మార్చి నెల: 34,000

పని చెప్పినావిడకు ఇది దేనికో తెలుసు. అకౌంట్స్‌లో కూర్చున్నాయనకు తెలియదు. ఆయన ఆవిడకు మెయిల్ పెడతాడు, ఆవిడ సెలవులో ఉంటుంది, పది రోజులు పోతాయి. అదే వరుస ఇలా ఉంటే:

కేటలాగ్ డిజైన్, 24 పేజీలు, రెండో దశ. కొటేషన్ 2025-07 ప్రకారం మొత్తం 85,000లో 40 శాతం. మార్చి 14న అందించినది: 34,000

ఇందులో ఎవర్నీ ఏదీ అడగాల్సిన పని లేదు. ఏం పని, ఏ ఒప్పందం ప్రకారం, ఎంతలో ఎంత, ఎప్పుడు ఇచ్చారు అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. ఒక చేతి క్లయింట్‌కు మొదటి రకం కూడా చెల్లుతుంది, నిజమే. అయినా రెండో రకమే అలవాటు చేసుకోమంటాను. ఆరునెలల తర్వాత ఆ బిల్లు దేనికో మీకే గుర్తుండదు.

మిగతావి గబగబా. బిల్లు క్లయింట్ బ్రాండు పేరు మీద కాక, రిజిస్టరైన సంస్థ పేరు మీద ఉండాలి. పర్చేజ్ ఆర్డర్ నంబరు ఇచ్చి ఉంటే అది బిల్లు పైభాగంలో కొట్టొచ్చినట్టు కనిపించాలి, మూడు చేతుల దగ్గర ఇది లేని బిల్లు లేనట్టే. తేదీ 03/04 అని రాయకండి. ఒకచోట అది మార్చి 4, ఇంకోచోట ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాస్తే తగువు లేదు. పన్ను నంబర్లు, పన్ను విడివిడిగా చూపడం మీ దేశపు చట్టం ఎలా చెబితే అలా.

నంబర్ల విషయంలో మూడు పద్ధతులు కనిపిస్తాయి. క్లయింట్‌కో వరుస పెట్టుకోవడం ముచ్చటగా ఉంటుంది గానీ, ఏడాది చివర లెక్క చూసుకునేటప్పుడు చుక్కలు చూపిస్తుంది. తేదీనే నంబరుగా వాడితే ఒకేరోజు రెండు బిల్లులు వేసినప్పుడు చిక్కు. ఏడాది, దాని వెనక ఎడతెగని వరుస, అంటే 2025-014 లాంటిది, చిన్న వ్యాపారానికి సరిపోతుంది. పన్ను అధికారులు చాలాచోట్ల అడిగేదీ ఇలా తెగని వరుసే. అందుకే పంపేసిన బిల్లులో తప్పు దొర్లితే దాన్ని చెరిపేసి అదే నంబరుతో ఇంకొకటి పంపకూడదు. పాతదానికి క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం రద్దయిందనో, తగ్గిందనో తెలిపే కాగితం) ఇచ్చి, కొత్త నంబరుతో కొత్త బిల్లు వేయాలి. తప్పు బిల్లు ఒక చేతిలో, సరైనది ఇంకో చేతిలో ఒకే నంబరుతో తిరుగుతుంటే, రెండూ ఆగిపోతాయి.

డబ్బు ఏ దారిన రావాలి

ఒక చేతి క్లయింట్‌కు పేమెంట్ లింకు మించింది లేదు. బిల్లు చూసిన నిమిషంలోనే చెల్లించే వీలుంటే, తర్వాత వేద్దాంలే అనే మాటకు తావుండదు. కార్డు మీద వస్తే కొంత శాతం రుసుము పోతుంది, క్లయింట్ బ్యాంకుకు ఫిర్యాదు చేసి ఆ చెల్లింపును వెనక్కి తీసుకునే అవకాశమూ ఉంటుంది. చిన్న మొత్తాలకు ఇది భరించవచ్చు, పెద్ద బిల్లులకు బ్యాంకు బదిలీయే అడగండి. మూడు చేతుల క్లయింట్ ఎలాగూ బ్యాంకు బదిలీ తప్ప ఒప్పుకోరు.

విదేశీ క్లయింట్ అయితే ఏ కరెన్సీలో ఇవ్వాలో, బ్యాంకు ఛార్జీలు ఎవరివో రెండూ బిల్లు మీదే ఉండాలి. అంతర్జాతీయ బదిలీల్లో ఛార్జీలకు మూడు రకాలున్నాయి: మొత్తం పంపేవారిదే, మొత్తం అందుకునేవారిదే, ఎవరి బ్యాంకు ఛార్జీ వారిది. ఈ మూడో రకంలో మధ్యలో ఉన్న బ్యాంకు తన రుసుము కోసుకుని మిగతాది పంపుతుంది. బిల్లు కంటే కొంచెం తక్కువ జమైతే చాలాసార్లు ఇదే కారణం, క్లయింట్‌ది తప్పు కాదు. బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్‌లో 8 లేదా 11 అక్షరాలుంటాయి, కొన్ని దేశాల్లో ఖాతాను గుర్తించే ఐబాన్ నంబరు 34 అక్షరాల దాకా ఉండొచ్చు. వీటిని చేత్తో కొట్టకుండా బ్యాంకు ఇచ్చిన చోటు నుంచి కాపీ చేసి పెట్టుకోండి.

మోసగాళ్ళ గురించి ఒక హెచ్చరిక. మీ మెయిల్‌లాగే కనిపించే చిరునామా నుంచి "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి" అని మీ క్లయింట్‌కు రాసి డబ్బు దారి మళ్ళించడం ఇప్పుడు బాగా ప్రబలిన మోసం. "మా ఖాతా వివరాలు మారితే మెయిల్ చూసి నమ్మకండి, మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి" అన్న ఒక వాక్యం ప్రతి బిల్లు మీదా ఉంచండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్

వర్డ్‌లోనో ఎక్సెల్‌లోనో చేసుకున్న నమూనా, బిల్లులు మాత్రమే వేసే ఆన్‌లైన్ సాధనం, పూర్తి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, మొత్తం చూసుకునే అకౌంటెంట్. దారులు ఈ నాలుగే.

నెలకు నాలుగైదు బిల్లులు వేసేవారికి ఎక్సెల్ చాలు. చిన్నతనంగా అనుకోవాల్సింది లేదు. ఒక షీటులో అన్ని బిల్లుల పట్టీ: నంబరు, తేదీ, క్లయింట్, మొత్తం, గడువు, వచ్చిన తేదీ, ఎంత వచ్చింది. ఈ పట్టీ లేకుండా విడివిడి ఫైళ్ళు మాత్రమే ఉంటే అది పద్ధతి కాదు, కుప్ప.

ఎక్సెల్ నుంచి ఎప్పుడు కదలాలో బిల్లుల సంఖ్యను బట్టి తేల్చకండి. మీకు ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో ఒక్క నిమిషంలో చెప్పలేకపోతున్నారా? ఒకే నంబరు రెండు బిల్లులకు పడిందా? పన్ను లెక్కలప్పుడు ఉన్నవే మళ్ళీ ఇంకోచోట కొడుతున్నారా? ఏదో ఒకదానికి అవునంటే కదలాల్సిన సమయం వచ్చింది.

అప్పుడు బిల్లుల సాధనమా, పూర్తి అకౌంటింగా? సరుకు నిల్వలు, కొనుగోళ్ళు, జీతాలు లేని సేవల వ్యాపారానికి జోహో ఇన్‌వాయిస్ లాంటి బిల్లుల సాధనం సరిపోతుంది: నంబర్లు తనే వేస్తుంది, గడువులు చూస్తుంది, గుర్తు చేస్తుంది. సరుకుతో పని ఉంటే టాలీ, జీరో (Xero) లాంటి పూర్తి అకౌంటింగ్ వైపే వెళ్ళండి. మధ్యలో మారడం నొప్పి. ఇక్కడ మీ అకౌంటెంట్ ఏది వాడతారో అడగడం, పది సమీక్షలు చదవడం కంటే మేలు.

కొనేముందు చూడాల్సిన అసలు సంగతి: మీ బిల్లులు, క్లయింట్ల పట్టీ మొత్తం బయటికి తీసుకునే వీలుందా? క్విక్‌బుక్స్ అంత పేరున్న సాఫ్ట్‌వేర్ కూడా 2023లో భారతదేశపు మార్కెట్ నుంచి తప్పుకుంది. వాడేవాళ్ళు లెక్కలు మూటగట్టుకుని వేరేచోటికి వెళ్ళాల్సి వచ్చింది. ఉచితమా, నెల చందా ఎంత అన్నవాటికంటే ఇది పెద్ద ప్రశ్న.

కొన్ని దేశాల్లో ఈ ఎంపిక కొంత చట్టమే చేసేస్తుంది. ఇటలీలో 2019 నుంచి వ్యాపారాల మధ్య బిల్లులు కూడా ప్రభుత్వ వ్యవస్థ గుండా ఎలక్ట్రానిక్ రూపంలోనే వెళ్ళాలి. భారతదేశంలో ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటినవారికి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. అలాంటి నియమం మీకు వర్తిస్తే, దానికి నేరుగా జతకాని సాధనాన్ని మొదటే పక్కన పెట్టేయండి.

అకౌంటెంట్‌కు మొత్తం అప్పగించడం నాలుగో దారి. బిల్లు తయారీ, పన్ను లెక్క వారికివ్వండి. బిల్లు ఎప్పుడు వేయాలో చెప్పే పని మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. దశ పూర్తయిందని వారికి తెలియదు. నెలాఖరున కలిపి చెబుదామంటే, పైన చెప్పిన మార్చి 31, ఏప్రిల్ 1 వ్యవహారం మళ్ళీ మొదలు.

గుర్తు చేయడం

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అయినా మనవాళ్ళకు డబ్బు అడగడమంటే మొహమాటం. అందుకే సాఫ్ట్‌వేర్ తనంతట తాను పంపే రిమైండర్ బాగుంటుంది, అడిగింది మీరు కాదు, యంత్రం అని అందరూ అనుకోవచ్చు. మూడు చేతుల దగ్గర మాత్రం ఆటోమేటిక్ మెయిళ్ళు ఎవరూ చూడని ఓ డబ్బాలోకి చేరుతుంటాయి. అక్కడ మనిషికి మనిషే రాయాలి.

గడువుకు ముందే ఒకసారి రాయడం వల్ల ఉన్నంత లాభం, గడువు దాటాక నాలుగుసార్లు రాసినా ఉండదు. ఇలా:

"నమస్కారమండీ. మార్చి 14న పంపిన 2025-014 బిల్లు గడువు ఏప్రిల్ 13. బిల్లు మీ అకౌంట్స్‌కు చేరిందా, ఇంకేమైనా కాగితాలు కావాలా అన్నది తెలుసుకుందామని రాస్తున్నాను."

ఇందులో డబ్బు ఊసే లేదు. కానీ ఏదైనా ఆగి ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. గడువు దాటాక:

"నమస్కారమండీ. 2025-014 బిల్లు, మొత్తం 34,000, గడువు ఏప్రిల్ 13తో ముగిసింది. బిల్లు మళ్ళీ జతచేస్తున్నాను. ఏ తేదీ చెల్లింపుల్లో ఇది ఉందో చెప్పగలరా?"

"ఎప్పుడిస్తారు" అని అడిగితే "చూస్తామండీ" అంటారు. తేదీ అడిగితే తేదీయే చెప్పాలి. ఒక చేతి క్లయింట్‌కైతే ఈ రెండో మెయిల్ బదులు ఫోన్ చేయండి. వారం దాటినా కదలకపోతే, పని ఆపే హక్కు ఒప్పందంలో ఉంటే దాన్ని మర్యాదగా గుర్తు చేయండి. లేకపోతే వచ్చే ఒప్పందంలో పెట్టుకోండి. వీలైతే బిల్లుల మెయిల్ చిరునామా వేరుగా ఉంచండి, ఉన్నది మీరొక్కరే అయినా సరే. పని గురించి మాట్లాడే స్వరం, డబ్బు గురించి అడిగే స్వరం వేరువేరుగా ఉంటే క్లయింట్‌తో స్నేహం చెడదు.

వారంలో ఒకరోజు కూర్చుని బకాయిలను వయసు వారీగా చూసుకోండి: 30 రోజుల లోపు, 31 నుంచి 60, 61 నుంచి 90, ఆ పైన. మూడో గడిలోకి జారుతున్న బిల్లు మీదే ముందు దృష్టి పెట్టాలి, మొత్తం పెద్దదైన దాని మీద కాదు. బకాయిలను ఫాక్టరింగ్ కంపెనీకి అమ్మి ముందే డబ్బు తెచ్చుకునే దారీ ఉంది. క్లయింట్ ఎగ్గొడితే ఆ నష్టం మీదా, వాళ్ళదా అన్నది సంతకానికి ముందే చూసుకోవాలి.

ఇక, బిల్లులో కొంత భాగం మీద క్లయింట్ అభ్యంతరం చెబితే మొత్తం బిల్లు ఆగనివ్వకండి. తగువు లేని భాగం ఇప్పుడే వేయమనండి, మిగతా భాగం గురించి అభ్యంతరమేమిటో రాతలో అడగండి. వారన్నది నిజమైతే ఆ మేరకు క్రెడిట్ నోట్ ఇవ్వండి. కాకపోతే కొటేషన్‌లోని వరుసను చూపించి, ఆ భాగానికి కొత్త గడువు తేదీ రాసి పంపండి.